చెరువు క్యాలెండర్, కాలేజీ టైంటేబుల్: నెల్లూరు తీరంలో ఆక్వా అకాడమీకి సిలబస్ ఎలా కట్టాలి

ఇంటర్ స్థాయిలో ఒక వృత్తిరంగం చుట్టూ నడిచే ప్రత్యేక అకాడమీ పెడదాం అనుకోగానే మన దగ్గర మొదట జరిగే పని అధ్యాయాల జాబితా రాయడం. కమిటీ కూర్చుంటుంది, ఇరవై అధ్యాయాలు వస్తాయి, ఒక్కోదానికి ఇన్ని పీరియడ్లని పక్కన అంకె పడుతుంది. జూన్‌లో పిల్లలు చేరతారు. దసరా దాటేసరికి అది బోర్డు మీద రాయించి బట్టీ పట్టించే మరో థియరీ సబ్జెక్టుగా మిగులుతుంది. అధ్యాయాలు బాగా రాసిన చోట కూడా ఇదే జరుగుతుంది. కాలేజీ గంట మోగే వేళకు అసలు పని జరిగే వేళకు పొంతన లేకపోవడమే ఇందుకు ప్రధాన కారణం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటి అకాడమీ పెట్టాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఏం చెప్పాలన్నది కాదు, ఏ నెలలో ఏ పూట చెప్పాలన్నది.

రొయ్యల సాగునే తీసుకుందాం. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు, బోగోలు మండలాల్లో పదో తరగతి దాటిన పిల్లల్లో చాలామందికి చెరువు గట్టు కొత్తేమీ కాదు. వనామీ రకం రొయ్య పంట 90 నుంచి 120 రోజులు. వేసవి పంటకు ఫిబ్రవరి, మార్చి నెలల్లో సీడ్ (రొయ్య పిల్ల) వేస్తారు, మే, జూన్ నెలల్లో పట్టుబడి. ఇంటర్ పబ్లిక్ పరీక్షలు సరిగ్గా సీడ్ వేసే రోజుల్లోనే పడతాయి, పట్టుబడి వేసవి సెలవుల్లో జరుగుతుంది. ఏడాదిలో మంచి పంట మొదలూ చివరా విద్యార్థి చూడనే చూడడు. జూలైలో మొదలయ్యే రెండో పంట కాలేజీ పనిదినాల్లో పడుతుంది కానీ, అది ఈశాన్య రుతుపవనాల నోట్లోకి వెళ్లే పంట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, వాయుగుండాలు, ఉప్పదనం ఉన్నట్టుండి పడిపోవడం, దాని వెనకే రోగాలు. చాలామంది రైతులు ఆ పంటకు సీడ్ తగ్గిస్తారు, కొందరు చెరువు ఎండగడతారు. కాలేజీ క్యాలెండర్‌నే నమ్ముకుని సిలబస్ రాస్తే, పిల్లలకు ఏటా దొరికేది ఎక్కువ నష్టభయం ఉన్న పంట ఒక్కటే.

ఈ చిక్కుకు ఒక దారి ఉంది. మొదటి సంవత్సరం పరీక్షలు ముగియగానే, రెండో సంవత్సరం తరగతులు ఊపందుకునేలోపు, ఏప్రిల్–మే నెలల్లో 30 రోజులు రోజుకు 5 గంటల చొప్పున 150 గంటల క్షేత్ర శిక్షణ పెట్టాలి. వేళ తెల్లవారుజామున 5 నుంచి 10 వరకు. నెల్లూరు ఎండలో మధ్యాహ్నం పిల్లల్ని గట్టు మీద నిలబెట్టడం ఎలాగూ కుదరదు. అంతకంటే పెద్ద కారణం, చెరువులో అసలు విషయం తెలిసేది తెల్లవారుజామునే. రాత్రంతా ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మజీవులు), రొయ్య, అడుగున కుళ్లే మడ్డి అన్నీ కలిసి ఆక్సిజన్ తాగేస్తాయి. సూర్యోదయానికి ముందు కరిగిన ఆక్సిజన్ అతి తక్కువగా ఉంటుంది. పది గంటలకు కాలేజీ బస్సు దిగి మీటరు ముంచితే లీటరుకు 6, 7 మిల్లీగ్రాములు చూపిస్తుంది, చెరువు భేష్ అని రికార్డులో రాసుకుని వచ్చేస్తారు. అదే చెరువులో నాలుగున్నరకు లీటరుకు 3 మిల్లీగ్రాములు కూడా లేకపోయి ఉండొచ్చు. పగటి వేళ కొలతలతో నింపిన ప్రాక్టికల్ రికార్డు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, చెరువు గురించి మాత్రం అబద్ధం చెబుతుంది.

రంగం ఎంపిక

రంగం ఎంచుకునేటప్పుడు మూడు ప్రశ్నలు చాలు. కాలేజీ నుంచి పిల్లలు సగం పూటలో వెళ్లి రాగల దూరంలో, అంటే పాతిక కిలోమీటర్లలోపు, నిజంగా ఆ పని జరుగుతోందా? ఆ రంగంలో వేర్వేరు చదువులకు సరిపడే ఎనిమిది పది రకాల ఉద్యోగాలున్నాయా? ఇంటర్ తరువాత అదే దారిలో డిగ్రీ ఉందా?

నెల్లూరు తీరంలో ఆక్వాకు మూడిటికీ అవుననే జవాబు. రొయ్య పిల్లను పుట్టించే హేచరీ, మేత, చెరువు, నీటి పరీక్షల ల్యాబు, ఐసు, ప్రాసెసింగ్, రవాణా, ఎగుమతి కాగితాలు, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల మరమ్మతు అన్నీ ఒకే తీరంలో ఉన్నాయి. ముత్తుకూరులో మత్స్యశాస్త్ర కళాశాల ఉంది, అక్కడ నాలుగేళ్ల మత్స్యశాస్త్ర డిగ్రీ బీఎఫ్‌ఎస్సీ ఉంది. ప్రకాశం జిల్లాలో చీమకుర్తి గ్రానైట్ కూడా ఆలోచించదగ్గదే. గెలాక్సీ రాయి ఘనపు మీటరు దాదాపు మూడు టన్నులు తూగుతుంది. 2.7 మీటర్ల పొడవు, 1.5 వెడల్పు, 1.2 ఎత్తు ఉన్న దిమ్మె 4.86 ఘనపు మీటర్లు, అంటే పధ్నాలుగున్నర టన్నుల పైచిలుకు. క్రేన్, లారీ, పగుళ్ల అంచనా, పలకల దిగుబడి, ఇలా గణితం ఎంతైనా చెప్పుకోవచ్చు. కానీ గనులకు వర్తించే చట్టం అప్రెంటిస్‌లు, శిక్షణార్థులకు ఇచ్చిన పరిమిత మినహాయింపు తప్ప 18 ఏళ్లలోపు వారిని గనిలో పనికి ఒప్పుకోదు. కాబట్టి గ్రానైట్ అకాడమీని క్వారీ మీద కాకుండా కొలత, గ్రేడింగ్, డ్రాయింగ్, పాలిషింగ్ యంత్రాల నిర్వహణ, దుమ్ము నియంత్రణ మీద కట్టాలి. పొగాకు ఒంగోలు, కందుకూరు ప్రాంతాల పాత పంటే అయినా, పచ్చాకు తడి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి దిగుతుందని తెలిసీ పదహారేళ్ల పిల్లల్ని ఆ పనిలో పెట్టే సిలబస్ రాయకపోవడమే మేలు. పొదలకూరు నిమ్మ మార్కెట్ చిన్న మాడ్యూల్‌కు సరిపోతుంది, రెండేళ్ల అకాడమీకి చాలదు.

రంగం వెడల్పుగా ఉండాలనడానికి ఈ తీరం చరిత్రే సాక్ష్యం. 1994–95లో తెల్ల మచ్చ వైరస్ టైగర్ రొయ్యను తుడిచిపెట్టింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత చెరువుల మీద తీర్పు ఇచ్చింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వనామీకి అనుమతి దొరికింది, ఆ తరువాత కొద్ది ఏళ్లలోనే టైగర్ చెరువులు వనామీకి మారిపోయాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ నేరుగా రొయ్య రేటు మీద పడింది. 1993లో ఎవరైనా టైగర్ పెంపకమే సిలబస్‌గా రాసి ఉంటే ఆ మొదటి బ్యాచ్ బయటికొచ్చేలోపే అది చెల్లని కాగితం అయ్యేది. నీటి రసాయనం, రోగనిర్ధారణ, లెక్కలు, యంత్రాలు, ఆహార భద్రత అనే అయిదు పునాదుల మీద రాస్తే జాతి మారినా మార్కెట్ మారినా పనికొస్తుంది. రేపు చేపో పీతో వచ్చినా, నీళ్లలో ఏది ఎంతుందో చుక్కలు వేసి తేల్చే టైట్రేషన్ టైట్రేషనే.

అమెరికా అనుభవం ఏం చెబుతోంది

ఈ నమూనా అసలు ఫిలడెల్ఫియాలో 1969లో ఒక హైస్కూలులో పెట్టిన ఎలక్ట్రికల్ అకాడమీతో మొదలైంది. అక్కడ కెరీర్ అకాడమీ అంటే మూడు లక్షణాలు చూస్తారు: ఒకే బృందంగా కలిసి చదివే చిన్న సమూహం, మామూలు సబ్జెక్టుల్ని వృత్తి పాఠంతో కలిపి చెప్పడం, స్థానిక యజమానులతో పొత్తు. ఎండీఆర్‌సీ అనే సంస్థ విద్యార్థుల్ని లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా చేసి ఏళ్ల తరబడి వెంబడించి 2008లో ఫలితాలు ప్రకటించింది. అకాడమీలో చదివినవారి సంపాదన హైస్కూలు దాటిన ఎనిమిదేళ్ల సగటున 11 శాతం ఎక్కువ. మగపిల్లల్లో ఆ తేడా 17 శాతం. అయితే పరీక్ష మార్కుల్లో, హైస్కూలు పూర్తి చేయడంలో, పై చదువుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మన వాళ్లు జాగ్రత్తగా చదవాల్సింది ఈ రెండో సగాన్నే. అకాడమీ పెడితే మార్కులు పెరుగుతాయని తల్లిదండ్రులకు మాటివ్వకూడదు. ఎంపీసీ, బైపీసీ తప్ప మిగతావన్నీ దండగ అనుకునే నెల్లూరులో ఆ మాట చెప్పడానికి నోరు ఊరుతుంది, చెబితే రెండేళ్ల తరువాత నిలదీస్తారు. ఫలితాల్లో కనిపించిన లాభమంతా సంపాదనలో ఉంది. అలాంటి అకాడమీల్లో మామూలు తరగతి గదిలో లేనిది పని ప్రదేశంతో లంకె. కాబట్టి గంటలు కుదించాల్సి వస్తే ఆఖరున కుదించాల్సింది క్షేత్ర శిక్షణ. ఆచరణలో మాత్రం ఎప్పుడూ ముందు కత్తెర పడేది దాని మీదే, ఎందుకంటే బస్సు డబ్బు, అనుమతులు, తలనొప్పులు అన్నీ అక్కడే.

గంటల లెక్క

2023లో వచ్చిన జాతీయ క్రెడిట్ విధానం ప్రకారం ఏడాదికి 1,200 అభ్యసన గంటలు, 40 క్రెడిట్లు, ఒక క్రెడిట్‌కు 30 గంటలు. ఇందులో తరగతి, ల్యాబు, క్షేత్రం, ఇంటి దగ్గర చదువు అన్నీ కలిసే ఉంటాయి. ఈ సంగతి మరిచి 1,200 గంటలూ పీరియడ్లుగా పరిచేస్తే టైంటేబుల్‌లో ఊపిరాడదు. భోపాల్‌లోని కేంద్ర వృత్తివిద్యా సంస్థ నమూనాలో 11, 12 తరగతులకు ఏటా 300 గంటల వృత్తి పాఠం ఉంటుంది, అందులో 110 గంటలు సంభాషణ, కంప్యూటర్ వంటి ఉపాధి నైపుణ్యాలవి. మామూలు కాలేజీలో ఒక వృత్తి సబ్జెక్టుకు అది సరిపోతుంది. అకాడమీ అని పేరు పెట్టుకున్నాక చాలదు.

ఆక్వా అకాడమీకి పనిచేసే పంపకం ఇలా ఉండొచ్చు. మొదటి సంవత్సరం భాషలకు 240 గంటలు, జీవ, రసాయన శాస్త్రాలకు 420, గణితం, అకౌంట్లకు 120, వృత్తి పాఠానికి 300, క్షేత్ర సందర్శనలకు 60, ప్రాజెక్టుకు 60. రెండో సంవత్సరం భాషలు 180, శాస్త్రాలు 390, గణితం, అకౌంట్లు 90, వృత్తి పాఠం 270, క్షేత్ర శిక్షణ 150, ప్రాజెక్టు 120. రెండూ 1,200కే వస్తాయి. వేసవిలో చేసిన 150 గంటల్ని రెండో ఏడు ఖాతాలో వేయాలి, లేకపోతే సెలవుల్లో చేసిన పనికి క్రెడిట్ లేదని పిల్లలు డుమ్మా కొడతారు.

శాస్త్రాలకు రెండేళ్లలో 810 గంటలు ఎందుకంటే, ఈ పిల్లల్లో కొందరు ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ రాసి బీఎఫ్‌ఎస్సీకి వెళ్లాలనుకుంటారు. వొకేషనల్ ఇంటర్ చదివినవారు బైపీసీ అర్హత కోసం బ్రిడ్జి కోర్సు పేపర్లు రాయాలి. మామూలుగా ఆ బ్రిడ్జి పాఠాల్ని సాయంత్రం అదనపు తరగతులుగా నెట్టేస్తారు. బస్సు పోతుందని సగం మంది వెళ్లిపోతారు. అదే బ్రిడ్జి సిలబస్‌ను మొదటి నుంచీ శాస్త్రాల గంటల్లోనే కలిపేస్తే ఈ గొడవ లేదు. చేరిన రోజునే పిల్ల ఉద్యోగానికా, డిగ్రీకా అని తేల్చమనడం పదహారేళ్లకు పెద్ద బరువు. రెండు తలుపులూ రెండో సంవత్సరం సగం దాకా తెరిచే ఉంచాలి.

పీరియడ్ల సంగతి కూడా చిన్నది కాదు. 45 నిమిషాల్లో నీటి పరీక్ష అవ్వదు. నమూనా తేవడం, కారకాలు కలపడం, టైట్రేట్ చేయడం, సామాను కడిగి పెట్టడం కలిపి గంటన్నర. వారంలో కనీసం మూడు జంట పీరియడ్లు, అవీ మధ్యాహ్న భోజనానికి ముందు వచ్చేలా పెడితే ఆలస్యమైనా పది నిమిషాలు మింగడానికి చోటుంటుంది.

పాఠాన్ని పనితో కలపడం అంటే

అన్ని సబ్జెక్టుల్లోనూ రొయ్య బొమ్మ పెట్టడాన్ని సమ్మిళితం అనుకునే ప్రమాదం ఉంది. ఇంగ్లిష్ పాఠంలో రొయ్య మీద వ్యాసం రాయిస్తే రసాయనం రాదు. ఒక పని ఆగిపోకుండా జరగాలంటే ఏ పాఠం అవసరమో, ఆ పాఠం ఆ వారంలోనే రావాలి.

సీడ్ వేయకముందు నీళ్లను శుద్ధి చేసే పనినే చూడండి. ఎకరం చెరువు 4,047 చదరపు మీటర్లు. నీటి లోతు 1.2 మీటర్లు అయితే నీళ్లు సుమారు 4,856 ఘనపు మీటర్లు. పీపీఎం అంటే ఘనపు మీటరుకు ఒక గ్రాము. 10 పీపీఎం క్లోరిన్ కావాలంటే 48.6 కిలోల క్లోరిన్. బ్లీచింగ్ పౌడర్‌లో 30 శాతం అందుతుందనుకుంటే 162 కిలోలు చల్లాలి. ఇక్కడిదాకా ఎనిమిదో తరగతి లెక్కే. కానీ గోడౌన్‌లో తేమకు ఆరు నెలలు పడున్న బస్తాలో క్లోరిన్ 20 శాతానికి దిగిపోయి ఉండొచ్చు, అప్పుడు 243 కిలోలు కావాలి. బస్తా మీద రాసిన అంకె నమ్మి 162 చల్లితే వైరస్‌ను మోసుకొచ్చే పీతలు, బయటి చిన్న రొయ్యలు బతికిపోతాయి. బస్తాలో నిజంగా ఎంతుందో తేల్చేది అయోడిన్, థయోసల్ఫేట్ టైట్రేషన్. అది ఇంటర్ రసాయన శాస్త్రంలో రిడాక్స్ పాఠం. ఆ పాఠాన్ని పుస్తకం వరసలో డిసెంబరులో చెబితే ఎవరికీ పట్టదు. జూలై మొదటి వారంలో, పక్క ఊళ్లో చెరువు తయారవుతున్నప్పుడు చెబితే టైట్రేషన్ ఎందుకో వివరించాల్సిన పనుండదు. లోతు కూడా పిల్లలు తప్పే చోటే. తూము దగ్గర ఒక్కచోట కర్ర ముంచి 1.5 మీటర్లని రాసుకొస్తారు. తూము దగ్గరే చెరువు ఎక్కువ లోతు. అడ్డంగా నిలువుగా తొమ్మిది చోట్ల కొలిచి సగటు తీయడం నేర్పాలి.

అమోనియా ఇంకో మంచి ఉదాహరణ. పీహెచ్ 8, ఉష్ణోగ్రత 28 డిగ్రీలు ఉన్న మంచినీళ్లలో మొత్తం అమోనియాలో విషపూరిత భాగం దాదాపు 6.6 శాతం. పీహెచ్ 9కి చేరితే అది 41 శాతం. అంటే కిట్ చూపించిన అంకె మారకుండానే మధ్యాహ్నం చెరువు ఆరు రెట్లు ప్రమాదకరం కావచ్చు. లాగరిథంలు ఎందుకని అడిగే పిల్లకు ఇంతకంటే సూటి జవాబు దొరకదు.

తెలుగు మాస్టారికి ఇందులో పనేముందని అడుగుతారు. చాలా ఉంది. వానకు ముందు ఏ జాగ్రత్తలు తీసుకోవాలో ఒక పేజీ కరపత్రం రాయమనండి. కంపెనీ కరపత్రాల తెలుగు చదివిన ఏ రైతుకైనా ఆ అవసరం తెలుసు.

ల్యాబులో ఏం ఉండాలి

సొంత చెరువు లేకపోతే అకాడమీ కుదరదని చాలామంది వెనకాడతారు. మొదటి సంవత్సరానికి అక్కర్లేదు. 30 మంది బ్యాచ్‌కు అయిదుగురు చొప్పున ఆరు గుంపులు, గుంపుకొకటిగా వెయ్యి లీటర్ల తొట్టెలు ఆరు, వాటిలో బొచ్చె, రోహు పిల్లలు చాలు. మంచినీళ్లే కాబట్టి ఉప్పునీటి రవాణా లేదు. వనామీ మాత్రం తీరప్రాంత అథారిటీ దగ్గర నమోదైన చెరువులోనే చూపించాలి, కాలేజీ పెరట్లో పెంచకూడదు.

పరికరాలు గుంపుకొకటి ఉండాలి. ఉప్పదనం చూసే రిఫ్రాక్టోమీటర్, పీహెచ్ మీటరు, ఆక్సిజన్‌ను టైట్రేషన్‌తో కొలిచే వింక్లర్ సీసాలు, నీళ్లెంత తేటగా ఉన్నాయో చూసే 20 సెంటీమీటర్ల సెక్కీ పళ్లెం, గ్రాములో పదో వంతు తూచే కాటా. ఖరీదైన ఒక్క బహుళ మీటరు కొని బీరువాలో దాచే కంటే చవకైనవి ఆరు కొనడం మంచిది. పాడయ్యేవి ఎక్కువగా పీహెచ్ మీటర్లు. ఎలక్ట్రోడ్ ఎండిపోతే మీటరు వెలుగుతుంది, అంకె చూపిస్తుంది, అది తప్పని ఎవరికీ తెలియదు. ప్రతి జంట పీరియడ్‌కు ముందు 7, 10 బఫర్లలో సరిచూసి పుస్తకంలో సంతకం పెట్టే అలవాటు మొదటి నెలలోనే చేయించాలి. రిఫ్రాక్టోమీటర్‌కు స్వేదనజలంతో సున్నా చూడాలి. వింక్లర్ పద్ధతిని మీటరుంది కదా అని వదిలేయకూడదు, మీటరు అబద్ధం చెబుతోందని పట్టుకునేది అదే.

విద్యుత్ గురించి ఒక మాట. చెరువు గట్టు మీద ఏరేటర్ తీగలు ప్రాణాలు తీయగలవు. తొట్టెల గదిలో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల లీకేజీ బ్రేకర్ లేకుండా ఒక్క పంపు కూడా తిప్పకూడదు. దాన్ని వారానికోసారి టెస్ట్ బటన్ నొక్కి చూడటం పిల్లల డ్యూటీలో ఉండాలి. క్షేత్ర శిక్షణకు ఎంచుకునే చెరువుకు కూడా ఇదే షరతు. బ్రేకర్ లేని గట్టు మీదికి పిల్లల్ని పంపకూడదు, ఎంత పెద్ద రైతైనా.

రైతు గేటు ఎందుకు తీయడు

క్షేత్ర సందర్శన కుదరకపోవడానికి రైతు మంచివాడు కాకపోవడం కారణం కాదు. ముప్పై మంది పిల్లలు ఉదయం ఒక చెరువు, మధ్యాహ్నం ఇంకో చెరువు తిరిగితే వాళ్ల చెప్పులు, బకెట్లు, వలలతో పాటు తెల్ల మచ్చ వైరస్, ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి కూడా తిరుగుతాయి. పంట మీద లక్షలు పెట్టిన మనిషి ఆ జనాన్ని చూసి గేటు వేసుకుంటే తప్పు పట్టలేం. అందుకే సిలబస్‌లోనే నియమాలు రాసి రైతుకు చూపించాలి: ఒక రోజు ఒకే ఫారం, గుంపుకు అయిదుగురే, గేటు దగ్గర కాళ్లు కడుక్కునే క్రిమినాశని, ఫారం వలలే వాడటం, బయటి వల లోపలికి తేకపోవడం. చుట్టుపక్కల రోగం పొడసూపితే సందర్శనలు ఆపేసి ప్రాసెసింగ్ ప్లాంటు, ఐసు ఫ్యాక్టరీ, మేత గోడౌన్, నీటి ల్యాబు వైపు మళ్లించే రెండో ప్రణాళిక ముందే ఉండాలి. అప్పటికప్పుడు వెతికితే దొరకదు.

ప్రాసెసింగ్ ప్లాంట్లలో తల తీసే, ఒలిచే పనుల్లో ఎక్కువగా ఆడవాళ్లే ఉంటారు. అక్కడికి ఆడపిల్లల్ని శిక్షణకు పంపి అదే బల్ల దగ్గర నిలబెడితే అకాడమీ చేసిందేమీ లేదు. వాళ్లను పంపాల్సింది నాణ్యత విభాగానికి: ఉష్ణోగ్రత రికార్డులు, హాసప్ అనే ఆహార భద్రతా పద్ధతిలోని నియంత్రణ బిందువులు, క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షలు, యూరప్ ఎగుమతికి ముందు సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా ల్యాబు నుంచి తీసుకునే పరీక్షా పత్రం. కంపెనీతో రాసుకునే ఒప్పందంలో విద్యార్థి ఏ విభాగంలో ఎన్ని గంటలు, ఎవరి కింద అన్నది రాయకపోతే 150 గంటలూ చవక కూలీ కింద జమ అయిపోతాయి. 14 నుంచి 18 ఏళ్ల పిల్లల్ని ప్రమాదకర పనుల్లో పెట్టకూడదని 2016లో సవరించిన బాలకార్మిక చట్టం చెబుతోంది. అమోనియా శీతలీకరణ గదులు, రసాయన గోడౌన్లకు పిల్లల్ని దూరంగా ఉంచే షరతు కూడా అదే కాగితంలో ఉండాలి.

తెల్లవారుజాము డ్యూటీకి ఆడపిల్లల్ని ఇళ్లలో పంపరన్నది నిజమే. దానికి మార్గం వాళ్లను మినహాయించడం కాదు. గుంపులో కనీసం ముగ్గురు ఆడపిల్లలు, ఒక ఉపాధ్యాయిని, కాలేజీ వాహనం, ఫారం దగ్గర తలుపున్న మరుగుదొడ్డి, ఈ నాలుగూ ఉన్న ఫారాలనే ఎంచుకుంటే చాలా ఇళ్లలో ఒప్పుకుంటారు.

పరీక్ష

చివరి పరీక్షలో రొయ్య శరీర భాగాల బొమ్మ గీయించి మార్కులు వేస్తే రెండేళ్ల శ్రమ బూడిదలో పోసిన పన్నీరే. బదులుగా పని ఇవ్వాలి. ఉదాహరణకు 90 నిమిషాల ప్రశ్న: చెరువులో 1,50,000 పిల్ల వేశారు. 60వ రోజు మూడు విసురు వలలు వేశారు. మొదటి వలలో 40 రొయ్యలు 440 గ్రాములు, రెండో వలలో 25 రొయ్యలు 325 గ్రాములు, మూడో వలలో 55 రొయ్యలు 594 గ్రాములు. బతికినవి 80 శాతమని చెక్ ట్రేల (మేత తింటున్నాయో లేదో చూసే పళ్లేల) రికార్డు సూచిస్తోంది. ఈ సైజుకు మేత పట్టిక 3.5 శాతం అంటోంది. రేపటి మేత ఎంత?

మొత్తం 120 రొయ్యలు 1,359 గ్రాములు, సగటు 11.3 గ్రాములు. 1,20,000 రొయ్యలకు 1,359 కిలోల బరువు, మేత 47.6 కిలోలు. చాలామంది మూడు సగటుల సగటు తీస్తారు, 11.6 వస్తుంది, మేత 48.7 కిలోలవుతుంది. తప్పే, కానీ తేడా కిలో పైచిలుకే. పిల్ల వేసిన లెక్కనే పట్టుకుని లక్షా యాభై వేలకూ మేత కడితే 59.5 కిలోలు, రోజుకు దాదాపు 12 కిలోలు అడుగున కుళ్లుతుంది. మార్కుల పట్టికలో ఈ రెండు తప్పులకూ ఒకే శిక్ష వేయకూడదు. మొదటిదానికి ఒక మార్కు పోవాలి, రెండోదానికి ప్రశ్న సగం పోవాలి. ఏ తప్పు చెరువును ముంచుతుందో, ఏది ముంచదో తెలియడమే ఈ వృత్తిలో ప్రావీణ్యం. ఇంకో ఉప ప్రశ్న: మూడు వలలూ చెక్ ట్రే పక్కనే వేశారని తెలిస్తే ఈ లెక్కను ఎంత నమ్ముతారు? పెద్దవి మేత దగ్గరికి ముందు చేరతాయి కాబట్టి సగటు ఎక్కువగా కనిపిస్తుందని రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు. దాని తరువాత ఏరేటర్ల లెక్క కూడా అడగొచ్చు: ఒక హార్స్‌పవర్ 400 నుంచి 500 కిలోల రొయ్యను మోయగలదనుకుంటే కనీసం నాలుగు ఉంచుకోవాలి.

మార్కుల్లో సగం రెండేళ్ల రికార్డు పుస్తకానికి, మూడో వంతు ఇలాంటి పని పరీక్షకు, మిగిలింది మౌఖికానికి ఇవ్వొచ్చు. మౌఖిక పరీక్షకు బయటి పరీక్షకుడిగా ల్యాబు టెక్నీషియన్‌నో ఫారం మేనేజర్‌నో పిలవాలి. ఒకే చేతిరాత, ఒకే ఇంకు, ఒక్క కొట్టివేత కూడా లేని రికార్డు పుస్తకం కనిపిస్తే అది చివరి వారంలో కూర్చుని రాసింది. తడి మరకలు, దిద్దుబాట్లు ఉన్నదానికే విలువ.

చెప్పేవాళ్లు

ఏటా మారిపోయే గెస్ట్ ఫ్యాకల్టీతో అకాడమీ నడవదు. కనీసం ఇద్దరు స్థిరమైన అధ్యాపకులు కావాలి, ఒకరు జీవ లేదా రసాయన శాస్త్రం, ఒకరు వృత్తి విభాగం. వారానికి రెండు పీరియడ్లు అందరికీ ఒకేసారి ఖాళీ ఉండేలా టైంటేబుల్ వేయాలి. ఆ వారం చెరువులో ఏం జరుగుతోంది, ఎవరి పాఠం దాంతో కలుస్తుంది అన్నది తేలేది అక్కడే. ప్రిన్సిపాల్ మొదట తీసేసే పీరియడ్లూ అవే, ఎవరైనా సెలవు పెడితే ఆ ఖాళీలోకి నెడతారు. అలా నాలుగు వారాలు జరిగిందంటే సబ్జెక్టులు మళ్లీ ఎవరి గది వాళ్లవి అయిపోతాయి.

ఫారం టెక్నీషియన్లను ఏడాదికి 40 గంటలు పిలిపించుకోవచ్చు. మేత వేళలు వదిలి, రెండు మేతల మధ్య దొరికే ఖాళీలో పిలవాలి. వాళ్లకు పాఠం చెప్పడం రాకపోవచ్చు. పక్కన అధ్యాపకుడు ఉండి ప్రశ్నలు వేస్తూ పోతే అదే మంచి పాఠం.

పంట మధ్యలో పోతే

సెప్టెంబరులో 45వ రోజున తెల్ల మచ్చ వచ్చి చెరువు అత్యవసరంగా పట్టేస్తే ప్రాజెక్టు బృందానికి నూరు రోజుల రికార్డు ఉండదు. దీన్ని సిలబస్ ముందే ఊహించాలి. పంట పోయిన బృందం రెండు పనులు చేస్తుంది. ఒకటి, పోయిన పంట మీద నివేదిక: చివరి పది రోజుల నీటి కొలతలు, మేత తగ్గిన తేదీ, పీసీఆర్ (వైరస్ పరీక్ష) ఫలితం, నీళ్లు బయటికి వదలకుండా బ్లీచింగ్ చేసి ఎన్ని రోజులు ఆపారు, పక్క చెరువులకు ఎప్పుడు చెప్పారు. రెండు, మునుపటి ఏడాది పూర్తయిన ఒక పంట రికార్డు మీద ఆర్థిక విశ్లేషణ. మొదటి బ్యాచ్‌కు మునుపటి రికార్డు ఉండదు కాబట్టి, సహకరించే రైతు దగ్గర పేరు తీసేసిన పూర్తి పంట లాగ్‌బుక్ ఒకటి జూన్‌లోనే ఫొటోకాపీ చేయించి బీరువాలో పెట్టుకోవాలి. పంట నష్టపోయిన బృందానికి మార్కులు తగ్గకూడదన్న నిబంధనను కూడా అప్పుడే రాతపూర్వకంగా ఇవ్వాలి, లేదంటే రోగం కనిపించినా రికార్డులో రాయకుండా దాచేస్తారు.